గేటు పాసు మీది ముఖం

ముత్తంగి,
9-11-2025, ఆదివారం.

చిరంజీవి స్నిగ్ధకు తాత రాములు దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టడం మర్యాద. కానీ బాగా లేము. కాంట్రాక్టరు జైపాల్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఎడమ కన్ను తెరవడం లేదు, దవడ తీగలతో కట్టారు. శుక్రవారం నువ్వు ఠాణాకు వచ్చి, మన గోడ పగలగొట్టింది వాడేనని వాంగ్మూలం ఇస్తావట. ఇయ్యకు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

నేను మూడో తరగతి దాటలేదు. బోర్డుల మీద అక్షరాలను బొమ్మల్లాగా దించి బతికినవాణ్ణి. మూడు రోజులుగా రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో, నవ్వకు.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెబుతాను. ఆగస్టులో కంపెనీలో రియాక్టర్ పేలి సుదామ్ చచ్చిపోయాడు. ఒడిశా పిల్లగాడు, ఇరవై ఆరేళ్లు. ముఖం మిగలలేదు. యూనియన్ వాళ్లు తమ ఆఫీసు గోడ మనకిచ్చారు. ఒక సగం మీద నేను వాడి ముఖం గీయాలి, ఇంకో సగం మీద నువ్వు నీ కాలేజీ చదువు చూపించాలి.

నువ్వు హెల్మెట్లు గీశావు. ఒకటే హెల్మెట్, ఇరవై నాలుగు గళ్లలో, గులాబి, చిలకపచ్చ, నారింజ, పసుపు, సబ్బు కాగితాల మీది రంగుల్లాగా. ఇదేమన్నా కిరాణా దుకాణమా అని అడిగాను. ఇది పాప్ ఆర్ట్ తాతా అన్నావు. కార్ఖానాలో వేలకు వేలు తయారయ్యే డబ్బాలు, సీసాలు, సినిమా తారల ఫొటోలు, వాటినే తీసుకొని పదేపదే గీస్తారని చెప్పావు. మరి నాదేందని అడిగితే ఫొటోరియలిజానికి దగ్గర అన్నావు. ఫొటో మీద గళ్లు కొట్టుకొని, కారు రేకు మీది మెరుపు, దుకాణం అద్దంలోని నీడ కూడా వదలకుండా దించేవాళ్లు అమెరికాలో ఉన్నారట. పాప్ ఆర్ట్ వచ్చిన కొన్నేళ్లకే వాళ్లూ వచ్చారట.

"రెండూ కెమెరా పిల్లలే తాతా. ఒకటి నువ్వు రోజు చూసేదాన్నే లొల్లి పెట్టి చూపిస్తది. ఇంకోటి నిమ్మళంగ నిలబడి చూడుమంటది" అన్నావు.

"సచ్చినోనికి ముఖం ఉండాలె బిడ్డా, టోపీ కాదు" అన్నాను నేను. నువ్వు పోయి నీ గులాబి డబ్బా తెరిచావు.

నా పద్ధతి నీకు తెలుసు. నలభై ఏళ్లుగా చనిపోయినవాళ్ల బొమ్మలు పరదా కట్టుకునే గీస్తున్నాను. కళ్లు మాత్రం చివరి రోజున ఇంటివాళ్ల ముందు పెడతాను. ఆ బొమ్మను ముందుగా చూసేది వాళ్లే కావాలి. పరదా తీసి తోటి కూలీలకు ఒకసారి చూపించమని నువ్వు రెండుసార్లు అడిగావు. నాకు నేర్పకు అన్నాను. నువ్వు మాత్రం అందరి ముందే గీశావు. వాళ్లు వచ్చి రంగులు చెప్పారు, హెల్మెట్ పట్టీ ఎక్కడ తెగుతుందో చెప్పారు, చాయ్ తెచ్చిచ్చారు.

నాకు ఫొటో ఇచ్చింది జైపాల్. లేబర్ కాంట్రాక్టరు కదా, ఫొటో ఉన్న గేటు పాసు వాడి దగ్గరే ఉంటుంది. పాసు మీద పేరు ఇంగ్లీషులో ఉంది. నీకిస్తే చదివేదానివి. ఇవ్వలేదు.

అక్టోబరు పన్నెండున సుదామ్ భార్య వచ్చింది. పరదా లాగి, ఆమె ముందరే రెండు కళ్లూ పెట్టాను. చెంప మీది మచ్చ కూడా దిగింది. అంత మంచి బొమ్మ నేనెప్పుడూ గీయలేదు. ఆమె ఏడవలేదు. యూనియన్ సెక్రటరీ శ్రావణ్‌కుమార్ హిందీలో అడిగితే, ఈయన నా భర్త కాదు అంది.

అప్పుడు జనంలోంచి ఒకడు ముందుకొచ్చాడు. నా గోడ మీది ముఖం వాడి మెడ మీద ఉంది. పేరు రాకేష్. పెళ్లికని ఊరికి పోతూ వాడు పాసు అప్పగించి పోతే, అదే పాసు మీద జైపాల్ సుదామ్‌ను లోపలికి పంపాడు, సుదామ్ ఫొటో అని నాకిచ్చిందీ దాన్నే. బతికున్నవాణ్ణి నేను చచ్చినవాళ్ల గోడ ఎక్కించాను. ఎవరో నవ్వారు.

"తాత సక్కగ దించిండు. ఇగ రాకేష్‌గాడు సచ్చుడే బాకీ" అన్నాడొకడు. వాడి పళ్లు రాలగొట్టడానికి పిడికిలి ఎత్తాను. శ్రావణ్‌కుమార్ నన్ను గుంజి కూర్చోబెట్టాడు.

ఆమె నీ వైపు నడిచింది. హెల్మెట్లన్నీ చూసుకుంటూ పోయి, ఒక పసుపు రంగుదానికి తల ఆనించి అప్పుడు ఏడ్చింది. జనం మొత్తం అటు తిరిగింది. నా సగం ముందు ఒక్కడు కూడా మిగలలేదు.

మర్నాడు ఫస్టు షిఫ్టు వాళ్లు వచ్చేసరికి నీ హెల్మెట్లు నేల మీద ఉన్నాయి. ప్లాస్టర్ అంతా ఊడి ఇటుకలు తేలాయి. పాసు మోసం బయటపడిందని జైపాలే కొట్టించాడని అనుకున్నారు. ముందు రోజు సాయంత్రం వాడు ఇక్కడే తిరిగాడని, నీ కళ్లతో చూశావని నువ్వు అన్నావు. ఆ మాటే చాలింది. చాయ్ బండి దగ్గర వాణ్ణి బైక్ మీంచి ఈడ్చారు. ముప్పై మంది. పైపులతో కొట్టారు, పైపులు లేనివాళ్లు హెల్మెట్లతో కొట్టారు. పడిపోయినా ఆపలేదు. ఒకడు వాడి దవడ మీద బూటుతో నిలబడ్డాడు. నోటి నిండా రక్తం పెట్టుకొని వాడు నా వైపే చూశాడు.

"రాములన్నా, నేను గాదని జెర చెప్పరాదే" అన్నాడు. నేను చెప్పలేదు. నువ్వప్పుడు ముఖం తిప్పుకొని ఉన్నావు.

వాడు సాయంత్రం తిరిగిన మాట నిజమే. నా దగ్గరున్న పాసు వెనక్కి ఇమ్మని బతిమాలడానికి వచ్చాడు. ఇవ్వలేదు. వాడు మంచివాడని నేను అనను. సుదామ్ పేరు మీద పాసే లేదు కాబట్టి వాడు అసలు లోపలికే పోలేదని కంపెనీవాళ్లు అంటున్నారు, పరిహారం రాక వాడి భార్య నోట్లో మట్టి పడింది జైపాల్ వల్లనే. కానీ గోడ వాడు కొట్టలేదు. శుక్రవారం నువ్వు పేరు చెబితే కూలీలు ఆసుపత్రికే పోతారు. ఈసారి బతకనివ్వరు. చెయ్యి జాగ్రత్త, రంగులు పీల్చకు, వేళకు తిను.

ఇట్లు,
నీ తాత,
రాములు, పెయింటర్.

తా.క.: సంతకం పెట్టి మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. గోడ కొట్టింది నేను. తెల్లారక ముందే సుత్తె తీసుకొని పోయాను. నా బొమ్మను పగలగొట్టాలనే పోయాను. దాని మీద చెయ్యి లేవలేదు, అంత బాగా కుదిరింది. అప్పుడు నీ వైపు తిరిగాను. ఇరవై నాలుగూ కొట్టాను. ఆమె తల ఆనించినదాన్ని రెండుసార్లు కొట్టాను. జైపాల్ నా వైపు చూసినప్పుడు నా గోళ్లలో నీ గులాబి రంగు ఉంది, చేతులు వెనక పెట్టుకున్నాను. రేపు పొద్దున ఇది పోస్టులో వేసి, గేటు పాసు తీసుకొని ఠాణాకు పోతాను. నా తరఫున ఎవరినీ బతిమాలకు. శుక్రవారం నిన్ను అడిగితే నా పేరు చెప్పు.