ఖాసిం కలిపిన అన్నం

తమ్ముడు ఖాసింకు, పినపాక నుంచి మీ అన్న రాయునది.

మా కొడుకు చందర్ ఫోన్లో ఏదో కొత్త యాప్ పెట్టుకొని, అందులో మీ మతపోళ్ల మీద గుంపు రాసే మాటలు తలకెక్కించుకొని, నీ టైర్ల షాపు తగలబెడదామని రాసిండు. అది నీకెవరో చూపించిన్రు. నువ్వు ఠాణాకు పోతే మావోడు ఇయ్యాల జైల్లో ఉండేటోడు. నువ్వు సద్ది గిన్నె పట్టుకొని మా ఇంటికి వచ్చినవు. బొగ్గుబాయిలో పని చేసినప్పుడు మనందరం కలిపి తిన్నట్టే నీ అన్నం, వాడి అన్నం ఒక్క పేపర్ మీద కలిపినవు.

"తిను బిడ్డా. తిన్నంక తగలబెడుదువు" అన్నవు.

వాడు తల ఎత్తలేదు గాని తిన్నడు.

నేను ఎవ్వనికీ మొక్కినోణ్ణి కాదు. నీకు మొక్కుతున్న. చందర్ ఆ యాప్ తీసేసిన అంటున్నడు. నాకు ఫోన్ చూడరాదు. ఆదివారం వచ్చి నువ్వే చూడు. ఇంకా ఉంటే ఈసారి ఠాణాకు పో. నేనూ నీ ఎంబడి వస్త.