మిద్దె మీది పద్దెనిమిది కుండీలు

కర్నూలు పక్కన కల్లూరులో ఉంటున్న సోమశేఖర్ గారి కూతురు శివజ్యోతి అనే నేను, వయసు ఇరవై ఐదు, చదువు ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం, ఒంట్లో జ్వరం గానీ బుర్రలో తికమక గానీ లేకుండా, ఎవరూ చెప్పి రాయించకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది.

ఈ వయసులో వీలునామా ఏమిటని అడిగేవాళ్లకు కారణం చెప్తాను. మేఘాలయ కొండల్లో ఒక మొక్కల పరిశోధన కేంద్రంలో నాకు రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. ఈ నెల పదహారున డోన్‌లో రైలెక్కుతాను. ఆ సంగతి చెప్పిన రోజు మా పెద్దనాయన మద్దిలేటి గారు కలుపుతున్న అన్నం ఆపి, మా నాయన వైపు చూసి అన్నారు: "ఆడపిల్ల అంత దూరం పోయిందంటే మనకు లేనట్టే, సోమా. ఇంగ మిద్దె మీద ఆ బకెట్లు ఎవురికి? తీసేస్తే రేకులేసుకుంటాం." నా వైపు చూడలేదు. లేనిదాన్ని ఎలా చూస్తారు? లేని మనిషికి ఆస్తి ఉంటే పంచాలి కనుక, రేకులు రాకముందే పంచుతున్నాను.

1. ఆస్తి వివరం. మిద్దె మీద ఇరవై తొమ్మిది కుండీలు. వాటిలో సగం పాత పెయింటు బకెట్లే. ప్రాణంతో ఉన్నవి పద్దెనిమిది, ఎండిపోయినవి పదకొండు. ఒక్కటి కూడా నాతో తీసుకుపోవడం లేదు. మే నెలలో మేఘాలయకు ఇంటర్వ్యూకు పోయినప్పుడు ఎడారి గులాబీ కొమ్మ ఒకటి వెంట తీసుకుపోయాను. ఆ తడికి ఐదు రోజుల్లో కుళ్లి చేతికంటింది. ఈ ఎండకు పుట్టినదాన్ని ఆ వానలో నిలబెట్టి నా ప్రేమ నిరూపించుకోనక్కర్లేదు. అక్కడి చెట్లను అక్కడే నేర్చుకుంటాను.

2. దొంతర మల్లెలు నాలుగు, కనకాంబరాలు మూడు, వీధి చివర పూలమ్మే గిడ్డమ్మకు సర్వహక్కులతో ఇస్తున్నాను. మా ఇంట్లో అందరూ ఆ చెట్ల పూలు పెట్టుకున్నారు. చెట్టెలా ఉందని అడిగింది మాత్రం గిడ్డమ్మ ఒక్కతే. చలికాలంలో తలలు కత్తిరించమని చెప్పిందీ ఆమే. నాకు యూనివర్సిటీలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

3. కరివేపాకు ఒకటి, మరువం రెండు, గోరింట ఒకటి మా అమ్మ యశోదకు. మిద్దె తలుపు తాళంచెవి కూడా ఆమెకే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అమ్మదే. ఈ ఇంటి కాగితాల్లో ఇంతవరకు ఎక్కడా ఆమె పేరు లేదు. ఇదిగో, ఇక్కడ ఉంది. ఆమెను అడగకుండా ఎవరూ ఒక్క కుండీ కూడా కదిలించకూడదు.

4. కలబందలు, నాగజెముళ్లు కలిపి ఆరు, మా నాయనకు. ఇవి చాలా ఓర్పు గలవి. ఆయన లాగే.

వాటితో పాటు ఒక నిజం కూడా దఖలు పరుస్తున్నాను. నేను ఊళ్లో లేనప్పుడు నీళ్లు కావలసిన ప్రతి కుండీ పక్కనా ఒక నీళ్ల కుండ పెట్టి, మా అవ్వ పాత నూలు చీర చించి పేనిన వత్తి ఒక కొస నీళ్లలో, ఒక కొస మట్టిలో ఉంచుతాను. వంద సార్లు ఉతికిన గుడ్డ కనుక నీళ్లు పీలుస్తుంది. మేలో నేను పోయాక నాయన మిద్దెక్కి ఆ పీలికలు చూశాడు. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లు మగ్గం నేసిన చేతులకు, కూతురి చెట్లకు చింపిరి గుడ్డ కట్టి ఉండటం నచ్చలేదు. మగ్గం అమ్మిన రోజు దాచుకున్న పడుగు నూలు తీసి, అది అందినంతవరకు, పదకొండు కుండీలకు, మార్చి కట్టాడు. గంజి పట్టించి, నూనె రాసి, కుంచెతో సాపు చేసిన నూలు అది. నూనె పట్టిన దారం నీళ్లను రానివ్వదు.

నేను వచ్చేసరికి కుండల్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. పదకొండు చెట్లు ఎండిపోయాయి. పెద్దనాయన వాకిట్లో నిలబడి, "ఇల్లిడిచి తిరిగితే ఇట్లే అయితాది" అన్నారు. దారం ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు తగిలింది. అప్పుడే నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా ఆ దారాలు విప్పి నా పెట్టెలో పెట్టుకున్నాను. నెల రోజులుగా ఆ నింద నేనే మోశాను. ఇక మోయను. నాయనా, అవి నేను పోయినందుకు చావలేదు. నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచి దారం నువ్వు కట్టినందుకు చచ్చాయి. అవ్వ చీరలో మిగిలిన సగం నీకు ఇస్తున్నాను. చించడానికి మొహమాటపడవద్దు. ఆ నూలు మాత్రం నాతోనే వస్తుంది. అది తిరిగి అడగవద్దు.

5. ఎండిన పదకొండు కుండీలు, మట్టితో సహా, పెద్దనాయన కూతురు శివానికి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. ఏం నాటుకుంటుందో ఎవరినీ అడగనక్కర్లేదు. వాళ్ల నాన్నను అసలే అడగవద్దు.

6. ఎడారి గులాబీ ఒకటి, పెద్దనాయనకు. ఇంటికి ఎవరొచ్చినా మిద్దెక్కించి, "మా చెట్టు" అని చూపిస్తారు. అది పూసిన ప్రతిసారీ ఫోటో తీసి కులం గ్రూపులో పెడతారు. ఆయన నీళ్లు పోయడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. అయినా దానికి నీళ్లు తక్కువైతేనే మంచిది కనుక, ఈ వాటా సరైన మనిషికే పోతోంది.

7. మిద్దెలో ఉత్తరం సగం మా నాయన వాటా. రేకులు వేసుకోదలిస్తే దక్షిణం సగంలో వేసుకోవచ్చు.

8. సాక్షుల సంగతి. వాటా పొందేవాళ్లు సాక్షి సంతకం పెడితే ఆ వాటా చెల్లదని లా చదివిన నా స్నేహితురాలు శిల్ప చెప్పింది. అందుకే శిల్పకు ఒక ఆకు కూడా ఇవ్వడం లేదు, ఆమె మొదటి సాక్షి. రెండో సాక్షి చోటు పెద్దనాయన కోసం ఖాళీగా ఉంచుతున్నాను. రాసిన మనిషి ప్రాణంతో, తెలివితో, నా కళ్ల ముందు సంతకం చేసిందని చెప్పేవాడే సాక్షి. ఆయన సంతకం పెడితే ఎడారి గులాబీ మా అమ్మకు పోతుంది. పెట్టకపోతే చెట్టు ఆయనకు దక్కుతుంది, నేను లేనట్టే ఉంటాను. రెండింటిలో ఏది కావాలో ఆయనే చూసుకోవచ్చు. ఆయన పెట్టనంటే ఎదురింటి వాళ్లను పిలుస్తాను. ఎవరు పెట్టినా, పెట్టకపోయినా, పదహారున నేను డోన్‌లో ఉంటాను.

తేదీ: 2025 జూన్ 14, శనివారం. కల్లూరు, మా మిద్దె మీద.

సంతకం: ఎస్. శివజ్యోతి

మొదటి సాక్షి: శిల్ప

రెండో సాక్షి: మద్దిలేటి
చెట్టు యశోదమ్మకే ఇయ్యండి. పిల్ల నా కండ్ల ముందర కూచోని సంతకం పెట్టింది. ఉండాది.