మూడో మంచం

14 జూలై 2024, ఆదివారం

హాస్టల్‌కి తిరిగొచ్చాను. పెదనాన్న కారులో దింపి వెళ్ళారు. తుని నుంచి రాజమండ్రి దాకా ఆయన ఫోన్లోనే ఉన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏం చూశానో గుర్తు లేదు.

నాన్న పోయింది జూన్‌లో. కొట్లోనే, కుర్చీలోనే. ఎవరో కందిపప్పు అడిగితే లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయారట. అప్పుడు నేను థర్డ్ ఇయర్ ఆఖరి పరీక్ష రాస్తున్నాను. బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే అన్నీ మిస్డ్ కాల్సే.

ఏడుపు రాలేదు. పదకొండో రోజు కూడా రాలేదు. మేనత్త నా భుజాలు పట్టుకుని ఊపింది. ఏడిచెయ్యమంది, లేకపోతే గుండెలో గడ్డకట్టుకుపోతుందంది. ప్రయత్నించాను. ఆవులింత వచ్చింది.

రూంలో మూడు మంచాలు. ఒకటి నాది, ఒకటి అమ్మణ్ణిది. మూడో మంచం అమ్మాయి ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాద్ వెళ్ళిపోయింది. దాని మీద మా సూట్‌కేసులు పెట్టుకున్నాం. అమ్మణ్ణి వాళ్ళది మొగల్తూరు, వ్యవసాయం. గట్టిగా మాట్లాడే పిల్ల. ఇవాళ నన్ను చూసి ఏం మాట్లాడాలో తెలియక, కిటికీ పక్కనున్న తన మంచం నాకిచ్చేసింది.

15 జూలై, సోమవారం

క్లాసులు మొదలయ్యాయి. వెళ్ళాను. వచ్చాను.

2 ఆగస్టు, శుక్రవారం

పొద్దున లేచాను. స్నానం చేశాను. జడ వేసుకున్నాను. మళ్ళీ పడుకున్నాను. క్లాసులో నా బదులు ప్రాక్సీ చెప్తానంది అమ్మణ్ణి. బయోమెట్రిక్ కదా అన్నాను. అవును కదా అని వెళ్ళిపోయింది.

9 ఆగస్టు, శుక్రవారం

అమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఆ రోజు పరామర్శకి ఎవరెవరు వచ్చారో చెప్తుంది. స్టేషన్లో రైళ్ళ పేర్లు చదివినట్టు చెప్తుంది. ఇవాళ అనకాపల్లి వాళ్ళు. నిన్న పిఠాపురం వాళ్ళు. సంవత్సరీకం అయ్యేదాకా అమ్మ గడప దాటకూడదని మేనత్త గట్టిగా చెప్పింది. కొట్టుకి జూన్ నుంచి తాళమే.

తిన్నావా అంటుంది అమ్మ. తిన్నానంటాను. నువ్వు తిన్నావా అని నేను అడగను. ఎందుకడగనో తెలీదు.

28 ఆగస్టు, బుధవారం

మిడ్ ఎగ్జామ్. పేరు రాశాను, రోల్ నంబర్ రాశాను. ప్రశ్నలు చదివాను. జవాబులు తెలుసు కూడా. చెయ్యి కదల్లేదు. పక్క బెంచీ అమ్మాయి ఎడిషనల్ షీట్ అడుగుతుంటే ఆమెకి ఇంత రాయాలని ఎందుకుందా అనిపించింది. తెల్ల కాగితమే ఇచ్చి వచ్చేశాను.

11 సెప్టెంబర్, బుధవారం

హెచ్ఓడీ రమేష్ బాబు సార్ పిలిపించారు. మంచాయనే. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నాన్నగారి సంగతి తెలుసు కాబట్టే ఇన్నాళ్ళూ ఊరుకున్నానన్నారు. అటెండెన్స్ ఇలాగే ఉంటే డిటెయిన్ అవుతాను, ఏడాది పోతుంది. శనివారంలోగా పేరెంట్‌ని తీసుకొచ్చి అండర్‌టేకింగ్ రాయిస్తే, ఇక మీదట ఒక్క క్లాసు కూడా మానకపోతే, తగ్గిన అటెండెన్స్ మాఫీకి, అదే కండోనేషన్‌కి, ఆయన రాస్తారు.

అమ్మ రాకూడదండి అన్నాను. రాలేరా అని అడిగారు. రాకూడదండి అన్నాను మళ్ళీ. అయితే పెద్దవాళ్ళు ఇంకెవరినైనా తీసుకురమ్మన్నారు.

12 సెప్టెంబర్, గురువారం

పెదనాన్నకి ఫోన్ చేశాను. అంతా విన్నారు. విని, ఇక చదువు చాలించి వచ్చెయ్యమన్నారు. అమ్మకి తోడుంటానట. కొట్టు ఆయన తీసుకుని వాళ్ళ బట్టల షాపుకి గోడౌన్ చేసుకుంటారట. నాలుగో ఏడాది ఫీజు నాన్న పోయే ముందే కట్టేశారని చెప్పాను. పోతే పోయింది, మనిషే పోయాక ఫీజెంత అన్నారు.

సరేనండి అన్నాను. ఎవరైనా టీ తాగుతావా అంటే సరే అన్నంత తేలిగ్గా అన్నాను.

13 సెప్టెంబర్, శుక్రవారం

సూట్‌కేస్ సర్దాను. అమ్మణ్ణి నాతో మాట్లాడడం లేదు. వరండాలో ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది.

14 సెప్టెంబర్, శనివారం, ఉదయం

అమ్మ వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

పది గంటలప్పుడు వాచ్‌మన్ వచ్చి మీ మదరండి అన్నాడు. నమ్మలేదు. కిందకి వెళ్తే గేటు దగ్గర అమ్మ, బూడిదరంగు చీరలో, చేతిలో గుడ్డసంచీతో. బొట్టు లేని అమ్మని ఇంట్లో చూశాను గాని బయట ఎండలో చూడడం ఇదే మొదటిసారి. వేరే ఎవరో అనిపించింది.

నిన్న ఫోన్ చేసింది అమ్మణ్ణేనట. దుర్గ చదువు మానేస్తోంది, మీకు తెలుసా ఆంటీ అని అడిగిందట. అమ్మకి తెలీదు. పెదనాన్న అమ్మతో ఒక్క మాట కూడా అనలేదు. నేనూ అనలేదు. అమ్మ పొద్దున్నే ఇంటికి తాళం వేసి, ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కి నడిచి వెళ్ళి రైలెక్కింది. ఒక్కతీ రైలెక్కడం ఆమెకిదే మొదలు. రాజమండ్రిలో ఆటో అతను ఎక్కువడిగాడట. దాని గురించే ఎక్కువసేపు మాట్లాడింది.

సార్ గదిలో అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. సార్ చెప్పిందంతా విని, "మా అమ్మాయి మానదండి. ఎక్కడ సంతకం పెట్టమంటారు?" అంది. నా వైపు చూడనే లేదు.

తర్వాత రూంకి తీసుకొచ్చాను. మూడో మంచం మీది సూట్‌కేసులు కింద పెట్టి, అమ్మణ్ణి తన దుప్పటి పరిచింది. అమ్మ ఐదు నిమిషాలు నడుం వాలుస్తానంది. మధ్యాహ్నం భోజనానికి లేపితే లేవలేదు. టీకి లేపితే లేవలేదు. కారిడార్లో పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. అమ్మణ్ణి గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది. చీకటి పడుతుంటే లేచి, ఎక్కడున్నానో తెలియనట్టు చూసి, సిగ్గుపడింది. ఇంట్లో నిద్ర పట్టడం లేదే అంది. ఎప్పట్నించి అని నేను అడగలేదు. అమ్మణ్ణి అడిగింది. జూన్ నుంచట.

వార్డెన్ పాపాయి మేడమ్ వచ్చారు. పేరెంట్స్ రూంలో ఉండకూడదన్నది రూలు. అమ్మ లేచి నిలబడి, "రేపటి దాకా ఉండనిస్తారా అండీ?" అని చిన్నపిల్లలా అడిగింది. మేడమ్ అమ్మ నుదుటి వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూసి, బుధవారం దాకా ఉండండమ్మా, ఆ రోజు ఇన్‌స్పెక్షన్ ఉంది అన్నారు.

15 సెప్టెంబర్, ఆదివారం

అమ్మ మెస్‌లో క్యూలో నిలబడింది. సాంబారు బాగుందంది. మెస్ సాంబారుని ఎవరైనా బాగుందనడం నేనెప్పుడూ విన్లేదు. రెండోసారి వేయించుకుంది కూడా.

పెదనాన్న ఫోన్ మీద ఫోన్. తుని అంతా వెతుకుతున్నారట. అమ్మ ఒకసారి ఎత్తి, క్షేమంగానే ఉన్నానండి అని పెట్టేసింది.

అమ్మణ్ణి అమ్మకి తన నైటీ ఇచ్చింది. నీలం రంగు, దాని మీద బాతులు. అమ్మ వేసుకుంది.

16 సెప్టెంబర్, సోమవారం

అన్ని క్లాసులకీ వెళ్ళాను. ఆఖరి పీరియడ్ అయ్యి వస్తుంటే మా ఫ్లోర్ మెట్ల దగ్గర నవ్వు వినిపించింది. ఎవరిదో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది.

కోతి వచ్చిందట. అమ్మణ్ణి మొహానికి ముల్తానీ మట్టి పూసుకుని కూర్చుంటే, కోతి కిటికీలోంచి చెయ్యి పెట్టి బిస్కెట్ ప్యాకెట్ లాక్కుందట. అమ్మణ్ణి చీపురు పట్టుకుని వెంటపడిందట. కోతి వెనక్కి తిరిగి దీని మొహం చూసి, ప్యాకెట్ అక్కడే పారేసి, కీచుమంటూ పారిపోయిందట. వరండాలో పిల్లలంతా నవ్వుతున్నారు. మధ్యలో అమ్మ, బాతుల నైటీలో, గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

నాకు ఒళ్ళంతా మండింది. మూడు నెలల్లో నాకు ఏదైనా అనిపించడం ఇదే మొదటిసారి. అదీ కోపం.

"నాన్న పోయి మూడు నెలలు కాలేదు. సిగ్గులేదా అమ్మా?" అన్నాను. అందరిముందూ అన్నాను.

పిల్లలు ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ కొంగు కోసం వెతుక్కుంది. నైటీకి కొంగు ఉండదు. చేత్తోనే మొహం తుడుచుకుని రూంలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఇంట్లో ఎవరొచ్చినా మొదట్నించీ చెప్పమంటారే," అంది. "ఆ రోజు ఏం తిన్నారు, కొట్టుకి ఎన్నింటికి వెళ్ళారు, కుర్చీలోంచి ఎలా లేవబోయారు. చెప్పాలి, చెప్పి ఏడవాలి. వాళ్ళు వెళ్ళాక కాఫీ గ్లాసులు తీసెయ్యాలి. మళ్ళీ ఇంకొకళ్ళు. చెప్పి చెప్పి నాకా ఒక్క రోజే మిగిలింది. మీ నాన్నతో ఇన్నేళ్ళున్నానా, కళ్ళు మూసుకుంటే ఆ కుర్చీ తప్ప ఇంకేం కనపట్టం లేదు."

నేను బ్యాగు దించి ఎదురు మంచం మీద కూర్చున్నాను.

"నీకు ఏడుపొచ్చిందా?" అని అడిగింది.

లేదన్నాను. అమ్మతో ఆ మాట అనడం అదే మొదలు.

"రాకపోతే రాదు. దానికి చదువు మానడం ఎందుకే?" అంది.

తర్వాత తల దువ్వమని నాకు దువ్వెన ఇచ్చింది. దువ్వాను. అమ్మకి ఇంత తెల్లజుట్టు ఉందని నాకు తెలీదు.

17 సెప్టెంబర్, మంగళవారం

పెదనాన్న వచ్చారు. విజిటర్స్ హాల్లో కూర్చున్నారు. అమ్మ చీర కట్టుకుని వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. ఆయన ముందు ఆమె ఎప్పుడూ కూర్చోదు. అన్నీ అన్నారాయన. వంశం, ఊరు, నలుగురూ ఏమనుకుంటారు, ఏడాదైనా కాకుండా ఇలా గడప దాటి వచ్చి ఆడపిల్లల హాస్టల్లో మకాం ఏంటి. కారులో కూర్చో అన్నారు. కొట్టు తాళాలు ఇచ్చెయ్, రేపు సామాను దింపుకుంటానన్నారు.

అమ్మ కొంగు సర్దుకుంది. అప్పుడు లోపలికొచ్చి ఆయనకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"తాళాలు నా దగ్గరే ఉంటాయండి బావగారూ. గురువారం నుంచి కొట్టు నేనే తెరుస్తాను."

నీకేం తెలుసని అడిగారాయన. కందిపప్పుకీ పెసరపప్పుకీ తేడా తెలుసండి, మిగతాది నేర్చుకుంటానంది. వెటకారం కాదు, నిజంగానే అంది. పెదనాన్న నన్ను చూశారు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను మానడం లేదండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంది. పట్టుకోవాలని తోచింది. పట్టుకోలేదు.

18 సెప్టెంబర్, బుధవారం

అమ్మ వెళ్ళిపోయింది. స్టేషన్ దాకా వెళ్ళాను. రైలు కదిలాక అమ్మ చెయ్యి ఊపలేదు, సంచీ చూసుకుంటోంది. అమ్మ ఆ బాతుల నైటీ తీసుకెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఉంచుకోనీ అంది అమ్మణ్ణి.

20 సెప్టెంబర్, శుక్రవారం

నిన్న అమ్మ కొట్టు తెరిచింది. మొదటి రోజు వచ్చినవాళ్ళు వస్తువులు అడగలేదట, ఎలా జరిగిందమ్మా అని అడిగారట. ఏం కావాలండి అని అడిగిందట అమ్మ. ఇద్దరు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. ఒకాయన నాలిక కరుచుకుని కిలో పంచదార తీసుకున్నాడు. మేనత్త మాట్లాడడం మానేసింది.

11 నవంబర్, సోమవారం

ఒక్క క్లాసూ మానలేదు. అంతకు మించి చెప్పడానికేం లేదు. వెళ్తున్నాను, వింటున్నాను, రాస్తున్నాను. బాగైపోయావే అంటుంది అమ్మణ్ణి. బాగవడం అంటే ఇదేనేమో. అన్నం రుచి ఇంకా తెలియడం లేదు.

30 నవంబర్, శనివారం

కండోనేషన్ వచ్చింది.

6 ఫిబ్రవరి 2025, గురువారం

ప్లేస్‌మెంట్స్‌లో అమ్మణ్ణికి బెంగళూరు వచ్చింది. నాకు రాలేదు. ఇంటర్వ్యూలో నీ వీక్‌నెస్ ఏంటని అడిగారు. ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆలోచించడమే నా వీక్‌నెస్ అనుకుని వాళ్ళు నెక్స్ట్ అన్నారు.

అమ్మణ్ణి ఏడ్చింది. ఉద్యోగం వచ్చింది దానికి, ఏడ్చిందీ అదే. నేను దాని వీపు నిమిరాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

3 మే, శనివారం

గ్రాడ్యుయేషన్ డే. నల్ల గౌన్లు, ఎండ. అమ్మ రాలేదు. ఇది ఆవకాయల కాలం. తునిలో మామిడికాయ దిగిందంటే అందరికీ ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కసారే కావాలి. కొట్లో నిలబడే చోటు లేదట. ఈ సంవత్సరం రానని ఫోన్లో చెప్పింది. ఏటేటా గ్రాడ్యుయేషన్ ఉంటుందనుకుందేమో. పట్టా పట్టుకుని తిన్నగా వచ్చెయ్, తూచడానికి మనిషి లేరు అంది.

అమ్మణ్ణి వాళ్ళ నాన్నగారు మా ఇద్దరికీ ఫోటో తీశారు. నవ్వమన్నారు. నవ్వాననుకున్నాను. ఫోటోలో నవ్వలేదు.

రూం ఖాళీ చేశాం. మూడు మంచాలూ ఒకేలా ఉన్నాయి.

12 మే, సోమవారం, తుని

పొద్దున్నించి సాయంత్రం దాకా తూస్తున్నాను. అమ్మ గల్లాపెట్టె దగ్గర. ఉద్యోగం అప్లికేషన్లు మధ్యాహ్నం కొట్టు కట్టేశాక పెడుతున్నాను. బొటనవేలు కారంతో మండుతోంది. మండడం తెలుస్తోంది.

19 మే, సోమవారం

మధ్యాహ్నం కొట్టు బల్ల మీద కునుకు పట్టింది. కలలో ఎవరో వచ్చి అరకిలో ఆవాలు అడిగారు. తూచి పొట్లం కట్టి ఇచ్చాను. ఇంకో గుప్పెడు వెయ్యి తల్లీ అన్నారు. వేశాను. ఆయన వీధి మలుపు తిరిగాక గుర్తుపట్టాను, నాన్న.

లేచి అమ్మకి చెప్పాను, కుర్చీలో కాదు, నడిచి వెళ్ళారని. అమ్మ డబ్బులు లెక్కపెట్టడం ఆపింది.

ఏం చొక్కా వేసుకున్నారు అని అడిగింది.