సేనాని విన్న ఏడుపు

4 మార్చి 1990, ఆదివారం

సూర్యాపేట లైబ్రరీలో మా చదువరుల మీటింగ్. నచ్చిన పేజీ ఒకటి అందరికీ చదివి వినిపించాలి. ఈసారి అందరం ఒకే చారిత్రక నవల మీద పడ్డాం. కోదాడ నుంచి వచ్చే లెక్చరర్ శ్రీనివాస్ సార్ చదివాడు. ఆ గొంతుకు ఎవరైనా పడిపోతారు. నేనూ పడ్డాను, దాచేదేముంది.

ఆయన చదివిన పేజీ ఇది. సైన్యానికి ధాన్యం మోసే లంబాడీల విడిదిలో ఒక పిల్ల గుండెలవిసేలా ఏడుస్తుంటుంది. సేనాని వింటాడు. బలవంతపు పెళ్ళి అనుకుని గుర్రమెక్కి వచ్చి, ఆమెను కాపాడి తన గుడారానికి తీసుకుపోతాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పద్మమ్మ కళ్ళు తుడుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. అది ఢావ్లో. మా తండాల్లో అత్తారింటికి పోయే ముందు పెళ్ళికూతురు అయినవాళ్ళను ఒక్కొక్కరినీ పట్టుకుని, పాట కట్టి ఏడవాలి. ఏడవకపోతేనే తప్పు. ఇక వీడు కాపాడిందేముంది? పెళ్ళిరోజున పిల్లను ఎత్తుకుపోయాడు, దొంగముండాకొడుకు.

11 మార్చి

ఈ సంగతి వాళ్ళకు చెప్పాను. గోడకు చెప్పుకున్నా బాగుండేది. అది నవలండీ నీలగారూ, మీరు మరీ సెన్సిటివ్ అయిపోతున్నారు అని శ్రీనివాస్ సార్ నవ్వాడు. గట్ల సెప్తే కథంత ఖరాబైతది గదమ్మా అని పద్మమ్మ.

కథ ఖరాబవుతుందట! పిల్ల ఏమైందో ఒక్కరికీ పట్టలేదు. వార్షికోత్సవంలో ఆ పేజీ నేనే చదివి సంగతి చెప్తానని పట్టుబట్టాను. సరే అన్నారు.

25 మార్చి

పేజీ పద్మమ్మ చదువుతుందట. నేను తెర వెనక నిలబడి ఆ ఏడుపు ఏడవాలట. ఎఫెక్ట్ వస్తుందట.

1 ఏప్రిల్

వార్షికోత్సవానికి పోలేదు. చప్పట్లు బాగానే పడ్డాయట.

15 ఏప్రిల్

స్కూలుకు సెలవు పెట్టి, గరిడేపల్లి దగ్గర మా తండాకు వచ్చాను. 26న పెళ్ళి, మిర్యాలగూడ జైరాంతో. మా యాడి సాలి రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి ఢావ్లో నేర్పుతోంది. కన్నతల్లి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తిట్లు ఎవరు పడతారు! పేటకు పోయి గొంతు పోగొట్టుకున్నవే, జర గట్టిగ ఏడువు అంటుంది.

నాన్న పోయినప్పుడు నేను పరీక్షల్లో ఉన్నాను. అప్పుడు ఏడవలేదు. పాటలో ఆయన పేరు వచ్చేచోట ఏడవాలని ఇన్నాళ్ళూ దాచుకున్నాను.

నవల సంగతి యాడికి చెప్పాను. గా సేనానికి అక్కసెల్లెండ్లు లేరా అని అడిగింది.

చదువరులకు కార్డులు పంపాను. పిలవకపోతే బాగుండదు.

28 ఏప్రిల్, మిర్యాలగూడ

మొన్న తండాలో సాగనంపేటప్పుడు మా అన్న సక్రు మెడ పట్టుకుని నోరు తెరిచాను. ఎదురుగా శ్రీనివాస్ సార్. ఒళ్ళో టేప్ రికార్డర్. మొదలుపెట్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

చుక్క రాలేదు. నాన్న పేరు దగ్గర కూడా రాలేదు.

ఇదేం పిల్లరా అంది తండా అంతా. యాడి ఒక్కతే ఏడ్చింది. సార్ టేపులో ఉన్నది ఆ ఏడుపే.