దేవరాజప్ప హ్యాండిక్యాప్

బెంగళూరు,
నవంబరు 1998

దేవరాజప్పా,

పక్షవాతం వచ్చాక నువ్వు గోల్ఫ్ మైదానానికి రావడమే మానేశావు. "ఈ నెల స్కోరు కార్డు ఇయ్యకుంటే ఆయప్ప హ్యాండిక్యాప్ రద్దయితాది. ఆడినట్టు నువ్వే రాసి సాక్షి సంతకం పెట్టు స్వామీ" అన్నాడు క్లబ్బు గుమాస్తా. గీత చెప్పడానికి వ్యాసపీఠం తాకే చెయ్యి దొంగ సంతకం పెట్టదని గర్జించాను.

నువ్వే రా. ఎడమ చేత్తోనే ఆడు. ఎన్ని ఎక్కువ దెబ్బలు కొడితే హ్యాండిక్యాప్ అంత పెరుగుతుంది, స్కోరులోంచి అన్ని దెబ్బలు తీసేస్తారు. బలహీనుడికి ఎక్కువ రాయితీ ఇచ్చే ఆట లోకంలో ఇదొక్కటే. ఆకు సమర్పించినా స్వీకరిస్తానన్నాడు భగవంతుడు, కమిటీ నీ కార్డు తోసేస్తుందా?

నా ప్రసంగం మధ్యలో "ముందు బంతి కొట్టు స్వామీ" అని కసిరేవాడు లేక, హోల్ నుంచి హోల్‌కు మూగవాడిలా నడుస్తున్నాను. ఆదివారం పొద్దున హూడిలో మీ ఇంటికి ఆటోలో వస్తాను. బూట్లు తొడుక్కుని కూర్చో, లేసులు నేను కడతాను.

నీ స్వామి