గుండీల కోసం పాత కంప్యూటర్లు

ఔలు, మార్చి 3

తౌనోకి,

మీ బడిలో మూల పడేసిన పాత కంప్యూటర్లను పారేయొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. వాటి హార్డ్ డిస్కుల్లోని అయస్కాంతాలు నాకు కావాలి.

చేతుల వణుకు ముదిరాక మీ అన్నయ్య గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. చర్చిలో పాటల బృందానికి వెళ్లడం మానేశారు. ఎందుకని అడిగితే, "అక్కడ కోటు విప్పితే మళ్లీ గుండీలు ఎవరు పెడతారే? అందరి ముందూ నువ్వా?" అన్నారు.

పోయిన వారం అటక మీది పాత కంప్యూటర్ విప్పి, అందులోని రెండు అయస్కాంతాలనూ కోటు అంచుల్లో ఇటొకటి, అటొకటి కుట్టాను. గుండీలు పైకి కనిపించడానికే. ఆయన గుండెలో పేస్‌మేకర్ యంత్రం లేదు కాబట్టి అయస్కాంతాలతో భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. కోటు తొడుక్కోగానే అంచులు టక్కున అతుక్కున్నాయి. ఆయన విప్పారు, మళ్లీ పెట్టారు. అలా ఎన్నిసార్లో.

"కాఫీ చెంచాలు కూడా అంటుకుంటాయేమో, దొంగననుకుంటారు," అని నవ్వారు. నిన్న పాటలకు ఒక్కరే వెళ్లొచ్చారు.

ఇక చొక్కాలకు కుట్టాలి. మెడ దగ్గరి గుండీకి మాత్రం అయస్కాంతం వద్దన్నారు.

"అదొక్కటీ రోజూ నువ్వే పెట్టు," అన్నారు.

మీ వదిన