పెనం మీద విరగని బిళ్ళ

మార్చి 9, సోమవారం
కొట్టుకి సెలవు, మధ్యాహ్నం

చిరంజీవి పిడుగుకి,

నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ, మన కొట్టు, మీ అమ్మ మోకాలి నొప్పి, అందరం కులాసా. నువ్వూ నీ ఉద్యోగమూ నీ నోరూ అక్కడ కులాసాగానే ఉన్నట్టు మీ అత్త వల్ల ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది.

ఉత్తరం ఏమిటి, ఇంట్లో ఫోను లేదా అని నవ్వుకుంటున్నావు కదూ? ఫోన్లో మన సంగతి తెలిసిందే. నాలుగో మాటకి నువ్వు పెట్టేస్తావు, లేకపోతే నేను పెట్టేస్తాను. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు. చించినా పూర్తిగా చదివాకే చించుతావు, నీ సంగతి నాకు తెలియదా! అందుకే మంచి పెన్ను వెతుక్కుని కూర్చున్నాను. మీ అమ్మ పక్కనే ఉండి, ముందు పిల్ల ఒంట్లో ఎలా ఉందో అడగండి అంటోంది. అడిగాను అనుకో.

ఇక అసలు విషయం. వచ్చే ఆదివారానికి మీ అమ్మకి అరవై నిండుతాయి. నువ్వు వస్తానన్నావు, సంతోషం. కానీ ఎప్పటిలాగే నా డబ్బా నేను తెచ్చుకుంటాను, వరండాలో కూర్చుని తింటాను అని కూడా అన్నావట. రెండేళ్ళుగా ఇదే వరస. నువ్వు వీగన్‌వి అయ్యావు, పాలూ గుడ్డూ కూడా మానేశావు, బాగానే ఉంది. కానీ ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోతూ, కత్తి పట్టిన ఆ చేత్తో పెట్టింది ఇంక తినను నాన్నా అన్నావు చూడు, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈ చేతే నిన్ను పెంచింది అన్నాను నేను. ఎవరి పంతం వాళ్ళది. మధ్యలో మీ అమ్మ నలిగిపోయింది. నువ్వు వరండాలో ఆ నీలం డబ్బా మూత తీయగానే ఆవిడ వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడుతుంది. నువ్వు పోయిన నెల వచ్చినప్పుడైతే చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది, వీపంతా అదిరిపోతోంది. నువ్వు చూడలేదు, నేను చూశాను.

నాకు ఈ ఆదివారం కావలసింది ఒక్కటే. మన ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే తిండి తినాలి. ఆజ్ఞ అనుకుంటావో, బతిమాలుతున్నాను అనుకుంటావో నీ ఇష్టం. డబ్బా తేవద్దు. ఖాళీ చేతులతో రా. నువ్వు తినేవి నేను చేసి ఫ్రీజరు నిండా పెట్టాను. మీరు వాటిని ప్యాటీలు అంటారు, మీ అమ్మ బిళ్ళలు అంటుంది. శనగలు, రాజ్మా, బార్లీ, కూరగాయలు. పాలు, వెన్న, గుడ్డు, తేనె, ఏవీ లేవు.

నవ్వకు! ఇక్కడ నవ్వాల్సినవాళ్ళంతా ఇప్పటికే నవ్వేశారు. ముప్పై ఏళ్ళు మాంసం కొట్టిన మనిషి కూర్చుని శనగలు రుబ్బుతున్నాడట అని వీధంతా పాకింది. మన కొట్టు పక్క బేకరీ ఆయన లేడూ, ఏమయ్యా పులి గడ్డి మేయడం మొదలుపెట్టిందా అని రోజూ పొద్దున్నే అడిగి మరీ తన షట్టరు తీసేవాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది పిడుగూ, విరగపండింది!

నీకు రాబోయే మొదటి అనుమానం నాకు తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. రుబ్బే మిషను కొత్తది. చెక్క, కత్తి, గిన్నెలు, ట్రేలు, నా ఏప్రాన్ కూడా కొత్తవే. అన్నీ ఇంట్లో వంటింటి పై అరలో మీ అమ్మ కాపలాలో ఉంటాయి. ఫ్రీజరు కూడా ఇంటి కోసం విడిగా కొన్న చిన్నది. వాటి మీద మాంసం నీడ కూడా పడలేదు. కొట్టు నుంచి వచ్చి తలారా స్నానం చేస్తే గానీ మీ అమ్మ నన్ను వాటి దరిదాపులకి రానిచ్చేది కాదు. నన్ను నమ్మకపోయినా ఆవిడని నమ్ముతావుగా.

మొదటిసారి ఏం చేశానో చెబితే పొట్ట పట్టుకుంటావు. ఇదేం బ్రహ్మవిద్య, ఖీమా బిళ్ళలు చేయడం నాకు రాదా అనుకున్నాను. ఉడికించిన శనగల్ని సన్న చిల్లుల రేకు గుండా రెండుసార్లు తిప్పాను. ఉప్పేసి చేతులు నొప్పెట్టేదాకా పిసికాను. ఖీమాని ఎంత పిసికితే అంత పట్టుకుంటుంది మరి. శనగల్ని పిసికితే బంక అవుతుందని నాకేం తెలుసు? పెనం మీద వేస్తే పైన బొగ్గు, లోపల జిగురు. వాటితో గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు. మీ అమ్మ ఒక ముక్క కొరికి, ఇవి పెట్టి పిల్లని పిలిస్తే ఈసారి వరండాలోకి కూడా రాదు, గేటు దగ్గరే తిని వెళ్ళిపోతుంది అంది.

తర్వాత కొంచెం కుదిరినట్టే అనిపించింది. అప్పుడు ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పే మనిషి కావలసి వచ్చింది. మీ అమ్మకి ఒక్కోసారి నా మీద జాలి పుట్టి బాగుందనేస్తుంది, ఆ జాలితో పని జరగదు. మీ అత్తని అడిగాను. పాలూ గుడ్డూ ముట్టని మనిషి ఒకరు నాకు తెలుసన్నయ్యా, కానీ ఆ నోటికి తాళం ఉండదు, నువ్వు తట్టుకోలేవు అంది. సరిగ్గా అలాంటి నోరే కావాలన్నాను. బిళ్ళలు గడ్డకట్టించి, మంచుపెట్టెలో సర్ది, మీ అత్త చేతికిచ్చి పంపాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి నెమ్మదిగా కరిగాక వేయించమని చీటీ కూడా పెట్టాను. మాంసానికి అదే పద్ధతి. గడ్డ వదలకుండా పెనం మీద వేసేవాణ్ణి మా పనిలో మనిషిగా చూడం.

జవాబు వచ్చింది. తడి ఇసుకని ఉప్పు లేకుండా వేయించినట్టుందట!

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరా మనిషి, పిలువు, నేనే మాట్లాడతాను అన్నాను. మీ అత్త ఫోన్లోనే పగలబడి నవ్వింది. అప్పుడు మీ అమ్మ నింపాదిగా, ఇంతకీ మీరు ముద్ద రుచి చూశారా అని అడిగింది. పచ్చి ముద్దని రుచి చూడటమేమిటి అన్నాను. మా నాన్న నాకు కొట్టులో మొట్టమొదట నేర్పిన సంగతే అది, పచ్చి సరుకు తాకిన చెయ్యి నోటి దాకా పోకూడదని. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ పోలేదు. మీ అమ్మ నెత్తి కొట్టుకుంది. ఉడికిన శనగలండీ బాబూ, నాలిక మీద వేసుకుంటే కరుస్తాయా అంటూ వేలితో ఇంత తీసి నా నోట్లో పెట్టేసింది. పిడుగూ, అందులో ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు. ఆ తడి ఇసుక మనిషి చెప్పింది అక్షరాలా నిజం.

ఆ రోజు నుంచి అడుగడుగునా రుచి చూస్తున్నాను. మొదట్లో చెయ్యి సగం దూరంలో ఆగిపోయేది, ఎవరో అదిలించినట్టు. ఇప్పుడు మీ అమ్మ, రుచి చూడటం ఆపండి, ట్రేలోకి కూడా కొంచెం మిగల్చండి అని కసురుతోంది.

ఇప్పుడు పద్ధతి విను, గొప్పలు కూడా చెప్పుకుంటాను, ఓర్చుకో. శనగలూ రాజ్మా ఉడికాక నీళ్ళు ఓడ్చి గుడ్డ మీద ఆరబెట్టాలి. తడే మన శత్రువు. సగం మెదపాలి, సగం పలుకులుగా వదిలెయ్యాలి. బార్లీ ఉడికించి చల్లారనివ్వాలి. ఉల్లిపాయా పుట్టగొడుగులూ నీరంతా ఇగిరిపోయేదాకా వేయించాలి. బీట్‌రూట్ తురిమి గట్టిగా పిండాలి. అవిసెగింజల పొడి నానబెడితే గుడ్డు చేసే పని అదే చేస్తుంది, నేను నమ్మలేదు, చూశాక నమ్మాను. చివర్లో ఓట్స్ పొడి, నిమ్మరసం, మిరియాలు. పిసకకూడదు, ఊరికే కలపాలి. ముద్దని కాసేపు ఫ్రిజ్‌లో పడుకోబెట్టి అప్పుడు బిళ్ళలు ఒత్తాలి. ట్రే మీద ఒకదానికొకటి తగలకుండా గడ్డకట్టించి, తర్వాత మధ్యమధ్య బటర్ పేపరు వేసి దొంతి పెట్టాలి. పేరు చూసి కంగారు పడకు, దాన్లో వెన్న ఉండదట, అంగడివాణ్ణి రెండుసార్లు అడిగాను.

ఇక ఆఖరి ముడి. కరగబెట్టడం వల్లే ఇసుకైపోతోందని చాలా ఆలస్యంగా వెలిగింది. మా పనిలో మహాపాపం ఏదో అదే ఇక్కడ పుణ్యం! ఫ్రీజరు నుంచి తీసింది తీసినట్టు సన్నసెగ మీద పెనంలో వేశాను. మీ అమ్మ పెనం మీదికి వంగి చూస్తోంది. అట్లకాడ కిందికి పోనిచ్చి తిప్పాను. విరగలేదు. అంచు కూడా రాలలేదు. ఎర్రగా కాలి, గుండ్రంగా కూర్చుంది మహారాణిలా. నేను వంటింట్లో గంతులేశాను, అవును, నేనే. కింద కాపురం ఉంటున్న టైలరు, పైన ఏమైనా పడిందా అని కేకేశాడు.

ఆ సాయంత్రం బేకరీ ఆయన్ని పిలిచి పెట్టాను. మొదటిది మాట్లాడకుండా తిన్నాడు. రెండోది ఇంకా మాట్లాడకుండా తిన్నాడు. తర్వాత పళ్ళెం ముందుకు జరిపి, పులిగారూ, ఆ గడ్డి ఇంకో రెండు పరకలు వడ్డించండి అన్నాడు! తన బన్నుల్లో పెట్టి అమ్ముకుంటానని మర్నాటి నుంచి వెంటపడుతున్నాడు. అమ్మకానికి కాదయ్యా, ఇవి మా పిడుగువి అని చెప్పాను. ఆయన చూస్తుండగానే ఫ్రీజరు తలుపు మూసేశాను.

ఒక్క మాట. నాన్న మారిపోయాడు, కత్తి కింద పెట్టేశాడు అని మీ స్నేహితులకి చెప్పకు. రేపు పొద్దున్నే కొట్టు తెరుస్తాను. నా బతుకు అది. నీ మాట నీది, అది తప్పని నేననను. కానీ ఆదివారం మన బల్ల మీద నువ్వు తినలేనిది ఒక్కటీ ఉండదు. మీ అమ్మ కూడా అదే కావాలంది. కానుకగా ఏం కొనమంటావు అని అడిగితే, వరండాలో ఆ కుర్చీ తీసి లోపల వేయండి, చాలు అంది. వేశాను. వరండాలో ఇప్పుడు కూర్చోవడానికి ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.

ఆదివారం పొద్దున్న పెనం వేడెక్కించి ఉంచే

మీ నాన్న

తా.క. నీకు నచ్చుతాయని నాకింత ధీమా ఎక్కడిదో చెప్పలేదు కదూ. మీ అత్త తన తోటి నర్సు చేసిందని చెప్పి నాలుగు నెలలుగా నీకు తెచ్చిస్తున్న డబ్బాలు ఈ వంటింట్లోంచి వచ్చినవే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇన్నాళ్ళు ఎలా దాచిందో నాకిప్పటికీ వింతే. తడి ఇసుక అన్నది నువ్వే తల్లీ. పోయిన నెల వరండాలో కూర్చుని నీలం డబ్బాలోంచి లొట్టలేసుకుంటూ తిన్నవీ ఇవే. మీ అమ్మ గోడవైపు తిరిగి ఆ రోజు ఏడవలేదు, నవ్వు ఆపుకోలేక చచ్చింది. కోపం వస్తే రా, వచ్చి తిట్టు, కానీ తింటూ తిట్టు. ఇవి ఎవరు చేశారో గానీ ఆ చేతికి దణ్ణం పెట్టాలి అత్తా అన్నావట. దణ్ణాలేమీ వద్దు. ఆ చేత్తోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.